రెండు రోజుల ఇల్లు – ఏడాది పొడుగునా బతుకు

హైదరాబాదు నుంచి వరంగల్ పోయే పెద్దరోడ్డు మీద బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే చాలు, సంగతి అర్థమవుతుంది. భువనగిరి, ఆలేరు, జనగామ దాటి రఘునాథపల్లికి వచ్చేలోపు రోడ్డు పక్కన ఎన్ని బోర్డులో! "ఫామ్ ప్లాట్లు", "సెలవురోజుల విడిది", "పచ్చటి చోట సొంత ఇల్లు" అని రాసి పెడుతున్నారు. ఒకనాడు మన ఊళ్ళల్లో భూమి అంటే ఎకరాల మాట, పండే పంట మాట. ఇప్పుడు గుంటల మాట, గజాల మాట వచ్చింది.

వారానికి రెండు రోజులు చెట్టు నీడన, నీళ్ళ పక్కన గడపాలనుకునే పట్నం ఉద్యోగి మీద మాకు కోపం లేదు. అతనూ కష్టపడి బతికేవాడే. మేము అడిగేది రెండే ప్రశ్నలు. అతను నిజంగా కొంటున్నదేమిటి? అతను కొన్న నేల మీద నిన్నటిదాకా బతికినవాళ్ళ గతి ఏమిటి?

మొదటి ప్రశ్నకు జవాబు కోసం ఒకసారి ఇంగ్లాండు దిక్కు చూద్దాం. అక్కడ నదుల ఒడ్డున, సముద్రం ఒడ్డున సెలవుల పార్కులుంటాయి. వాటిల్లో వరుసగా కదలని బండి ఇళ్ళు పెడతారు. పేరుకు చక్రాలుంటాయి గానీ, పెట్టిన చోటి నుంచి అవి కదలవు. మధ్యతరగతివాళ్ళు, రిటైరయిన కార్మికులు దాచుకున్న డబ్బు వేల పౌండ్లు పోసి కొంటారు. ఇల్లు వాళ్ళది. ఇంటి కింద నేల మాత్రం పార్కు యజమానిది. ఆ జాగకు ఏటా వేల పౌండ్ల కిరాయి కట్టాలి. లైసెన్సు గడువు తీరితే బండిని తీసుకుపోవాలి. మధ్యలో అమ్ముకుందామంటే చాలా పార్కుల్లో యజమానికి వాటా ఇవ్వాలి. అందులో శాశ్వతంగా కాపురం ఉండనివ్వరు. బండి ఇళ్ళలోనే స్థిరంగా బతికేవారికి 1983లో చట్టం చేసి కొంత రక్షణ ఇచ్చారు గానీ, సెలవుల పార్కులో కొన్నవారికి అది వర్తించదు. కాళ్ళకింది నేల ఎవడి చేతిలో ఉంటే పెత్తనం వాడిదే!

ఈ మాట మన కూలీలకు కొత్తగా చెప్పాలా? దొర జాగలో గుడిసె వేసుకొని, ఎదురుమాట అంటే ఖాళీ చేయాల్సి వచ్చిన తాతల కథలు మన ఇళ్ళల్లో ఇంకా బతికే ఉన్నాయి. గుడిసె మనది, జాగ వాడిది. ఇంగ్లాండు బండి ఇంటి లెక్క కూడా అదే. తేడా ఒక్కటే: అతనికి వెనక ఇంకో ఇల్లుంది. మనకు లేదు.

ఇక్కడ ఫామ్ ప్లాటు కొన్నవాడి పరిస్థితి కూడా అంత నిబ్బరంగా లేదు. లేఅవుటు అనుమతి లేకుండా, సాగుభూమి పేరుతోనే ముక్కలు చేసి అమ్మితే, రేపు ఇంటికి పంచాయతీ అనుమతి దొరకదు. రోడ్డు, కరెంటు, నీళ్ళకు అమ్మినవాడి దయ మీదనే ఆధారపడాలి. లాభం మాత్రం ఎకరాల్లో కొని గుంటల్లో అమ్మిన దళారిది.

ఇక రెండో ప్రశ్న. జనగామ ప్రాంతం మెట్టనేల. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్ళు ఇంత ఎత్తుకు వస్తాయంటే పేదరైతు సంబురపడ్డాడు, చెలక తరి అవుతుందనుకున్నాడు. కాని నీళ్ళ జాడ కనపడ్డ చోటికి పంటకన్నా ముందు భూమి బేరగాడు వచ్చాడు. ఎకరం కౌలుకు పట్టి పత్తి పెట్టుకున్నవాడిని ఒక్క మాటతో దింపేస్తారు. ఆ చెలకలో కలుపు తీసి, పత్తి ఏరిన ఆడవాళ్ళ కైకిలి పోతుంది. గొర్లు, బర్లు తిరిగే బాటకు ఇనుప కంచె పడుతుంది. పదిమంది కూలీలకు పని దొరికిన చోట ఒక్క కాపలాదారు మిగులుతాడు. ఆ కాపలాదారుకైనా గేటు పక్కన సొంత జాగ ఉంటుందా? ఉండదు.

ప్రభుత్వాల లెక్క కూడా పట్టాదారు దగ్గరే ఆగిపోతున్నది. 2018లో మొదలైన రైతుబంధు పట్టా ఉన్నవాడికి ఎకరాల లెక్కన ఇచ్చారు. చెమటోడ్చిన కౌలుదారుకు పైసా రాలేదు. 2025లో రైతుభరోసా కింద ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలు, సాగుకు పనికివచ్చే భూమికే అన్నారు. మంచిదే. భూమి లేని కూలీ కుటుంబానికీ ఏడాదికి 12,000 ప్రకటించారు. అంటే నెలకు వెయ్యి! పోయిన కైకిలికి ఇది బదులవుతుందా?

చట్టాలు లేక కాదు. కౌలుదార్ల రక్షణకు 1950లోనే హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. అది దయతో ఇచ్చింది కాదు. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తర్వాత లేచిన పోరాటం తెచ్చిపెట్టింది. పేదలకు పంచిన అసైన్డు భూమి సంపన్నుల చేతుల్లోకి పోకుండా 1977 చట్టం ఉంది. కౌలుదారుకు గుర్తింపు కార్డు ఇవ్వాలని 2011 చట్టం చెప్పింది. కాగితం మీద ఉన్నదాన్ని నేల మీదకు దింపేవాడే లేడు!

అందుకని రఘునాథపల్లి మండలంలో ఊరూరా గ్రామసభ పెట్టించి, ఫామ్ ప్లాట్లుగా మారిన సర్వే నంబర్ల పట్టిక చదివి వినిపించమని అడగాలి. అందులో అసైన్డు భూమి ఉంటే తిరిగి పేదకు ఇప్పించాలి. కుంట శిఖం, బండ్లబాట కంచెలోకి పోతే కొలిపించాలి. కౌలుదారుకు కార్డు ఇవ్వాలి. అన్నిటికన్నా ముందు, ఇల్లు లేని ప్రతి కూలీ కుటుంబానికి పట్టాతో సహా ఇంటి జాగ ఇవ్వాలి.

పట్నం మనిషికి రెండు రోజుల విడిది ఉంటే ఉండనీ. మిగిలిన అయిదు రోజులూ ఆ ఊళ్ళో బతికేవాడికి కాలు మోపే జాగ ముందు తేలాలి. అది వినయంగా దరఖాస్తు పెడితే వచ్చేది కాదు. కూలీ, కౌలుదారు, చిన్నరైతు ఒక్కటై అడిగితేనే వస్తుంది.