పగ్గాలు పట్టేవాడు

ఉద్యోగపర్వం పాఠం చెబుతున్నప్పుడు ఏటా ఎవడో ఒక కుర్రవాడు లేచి అడుగుతాడు: "మాస్టారూ! అంత సైన్యాన్ని వదులుకుని, ఆయుధమే పట్టనన్న కృష్ణుణ్ణి కోరుకోవటం ఏం తెలివండీ?" మొన్న ఒకడు ఇంకో మెట్టు పైకెక్కాడు. "ఓడ నడపటం ఎరగనివాడు రక్షణమంత్రి అయితే నౌకాదళంవాళ్ళు ఆయన మాట ఎల్లా వింటారండీ?" అన్నాడు. ఇంతలో గంట కొట్టారు గనక బతికిపోయాను. కాని ఆ ప్రశ్న మా యింటిదాకా నా వెంటే వచ్చింది. ఆలోచించగా, జవాబు అమెరికావారి చరిత్రలో ఉన్నదనిపించింది.

1947లో అమెరికావారు సైన్యాన్నీ, నౌకాదళాన్నీ, కొత్తగా వేరుపడ్డ వైమానికదళాన్నీ ఒక గొడుగు కిందికి తెచ్చి, పైన ఒక రక్షణమంత్రిని పెట్టారు. ఆయన పౌరుడై ఉండాలి. పూర్వం సైనికాధికారి అయితే, కొలువు విడిచి పదేళ్ళయినా గడిచి ఉండాలి. కత్తీ, పెత్తనమూ ఒక్క చేతిలోనే ఉంటే ప్రజాప్రభుత్వం నిలవదని వారి భయం. సబబైన భయమే.

మొదటి మంత్రి జేమ్స్ ఫారెస్టల్. అంతకుముందు నౌకాశాఖను చూసినవాడు. ముగ్గురు అన్నదమ్ముల వాటాల తగవులాంటి మూడు దళాల తగవు తీర్చలేక నలిగిపోయాడు. 1949 మార్చిలో పదవి పోయింది. మనసు చెదిరి ఆస్పత్రిలో చేరి, మే నెలలో అక్కడి పై అంతస్తు కిటికీలోంచి పడి చనిపోయాడు.

తరవాత వచ్చినవాడు లూయీ జాన్సన్. న్యాయవాది. యుద్ధశాఖలో కొంతకాలం పనిచేసినవాడే. అయితే 1948 ఎన్నికల్లో ట్రూమన్‌కు విరాళాలు పోగుచేసి పెట్టినవాడు కూడాను. ఆ ఋణం ఇల్లా తీరిందని లోకం అనుకున్నది.

జాన్సన్ ఖర్చు తగ్గిస్తానని బయలుదేరాడు. అది తప్పు కాదు, మన ఇళ్ళల్లోనూ చేస్తాం. కాని ఇల్లాలితో ఒక్కమాటయినా అనకుండా వంటింటి గిన్నెలు అమ్మేసే యజమానిని ఏమంటాం? 65,000 టన్నుల విమానవాహక నౌక 'యునైటెడ్ స్టేట్స్' నిర్మాణం ఆ ఏప్రిల్ 18న మొదలయింది. 23న జాన్సన్ ఆపించేశాడు. నౌకాశాఖ కార్యదర్శి సల్లివాన్ అప్పుడు ఊళ్ళో లేడు. ఆయన్ని అడిగినవారూ లేరు. ఆయన రాజీనామా పారేశాడు.

ఆ కుర్చీలోకి మాథ్యూస్ వచ్చాడు. సముద్రమే లేని నెబ్రాస్కా నుంచి వచ్చిన వకీలు. పడవలతో తన అనుభవమల్లా తెడ్డు వెయ్యటమేనని తానే సరదాగా ఒప్పుకున్నాడు. ఇంకేం! 'తెడ్డుపడవ' అన్న పేరు ఆయనకు స్థిరపడిపోయింది.

నౌకాదళంవారు మాత్రం తక్కువ తిన్నారా? వైమానికదళం బాంబరు విమానాల కొనుగోలులో అవినీతి జరిగిందని ఒక ఆకాశరామన్న పత్రం బయలుదేరింది. విచారిస్తే అది నౌకాశాఖ ఉద్యోగి రాసినదే. అందులోని ఆరోపణలు నిలవలేదు. దానితో వారి న్యాయమైన ఫిర్యాదుకు కూడా విలువ తగ్గింది.

అక్టోబరులో పార్లమెంటు సంఘం ఎదుట అడ్మిరల్సు వరసగా సాక్ష్యం చెప్పారు. దళాధిపతి డెన్‌ఫెల్డ్ తనవారి పక్షాన నిలబడ్డాడు. నెల తిరక్కుండా ఆయన ఉద్యోగం ఊడింది. పిలిచి అడిగితే నిజం చెప్పినందుకు ఇది ప్రతీకారమేనని ఆ సంఘమే తరవాత తేల్చింది.

ఆ విచారణలోనే, సముద్రం మీదనుంచి పెద్ద సేనలను శత్రుతీరాన దింపే యుద్ధాలు ఇక జరగవని జనరల్ బ్రాడ్లీ జోస్యం చెప్పాడు. పదకొండు నెలలయినా నిండలేదు. 1950 సెప్టెంబరు 15న కొరియాలోని ఇంచాన్ తీరాన సరిగా అదే జరిగింది! నాలుగు రోజులకు జాన్సన్ పదవి దిగిపోయాడు. ఆయన స్థానానికి పౌరుడెవరూ ఆనలేదు కాబోలు, శాసనాన్ని ప్రత్యేకంగా సడలించి జనరల్ మార్షల్‌ను తెచ్చారు. పదేళ్ళ గడువు తరవాత ఏడేళ్ళయింది. అదీ చాలక 2017లో మాటిస్ కోసం, 2021లో ఆస్టిన్ కోసం మళ్ళీ సడలించారు. నియమం మంచిదే. దానికి తగిన మనిషిని ముందునుంచీ వెతుక్కోకపోవటంలోనే ఉన్నది చిక్కంతా.

డెన్‌ఫెల్డ్ తరవాత వచ్చిన షెర్మన్ రచ్చకెక్కలేదు. ఎదుటివారికి నచ్చజెప్పి, కొత్త విమానవాహక నౌకకు అనుమతి సంపాదించాడు. అది 1955లో దళంలో చేరింది. దాని పేరు 'ఫారెస్టల్'.

మా కుర్రవాడికి రేపు చెప్పబోయేది ఇదే. కృష్ణుడు ఆయుధం పట్టలేదు, నిజమే. కాని ఆయనకు గుర్రాల సంగతి తెలుసు, యుద్ధభూమి తెలుసు. ఎవరి బాకీ తీరటానికో ఆయన రథమెక్కలేదు. అన్నిటికన్న ముఖ్యం, నడిమైదానంలో అర్జునుడు గాండీవం కింద పెట్టి తన సందేహాలన్నీ వెళ్ళబోసుకుంటే, ఓపికగా విని జవాబు చెప్పాడే గాని, రథం దిగి పొమ్మనలేదు!