ఆ బొమ్మ ఎవరిది?

బక్రీద్ మరునాడు మా ఇంటికి వరుసకు తమ్ముడయ్యే బంధువొకరు వచ్చారు. ముందుగది అద్దాల బీరువాలో ఉన్న చిన్న ఇంటి నమూనా ఆయన కంటబడింది. ఎర్రని కప్పు, పచ్చని కిటికీలు, ముంగిట ఎరుపు తెలుపు పట్టెల అరుగు. అంతా లెగో ఇటుకలతో కట్టినదే. "చాలా బాగుంది భాయిజాన్, బాబు కట్టాడా?" అని అడిగారు. మేము ఒక్క క్షణం తడబడి, "ఔను, వాడిదే" అన్నాము. పక్కనే నిలబడి ఉన్న మా ఎనిమిదేళ్ళ కుమారుడు వెంటనే అందుకున్నాడు: "కాదు చాచా, అది అబ్బూది. నన్ను ముట్టుకోనివ్వరు."

అందరూ నవ్వారు. మేమూ నవ్వాము. బంధువు వెళ్ళిపోయినా ఆ మాట మాత్రం మమ్మల్ని వదిలి వెళ్ళలేదు. ఆ చిన్న వాక్యం మా రెండు తప్పులను ఒకేసారి ఎత్తిచూపింది. ఒకటి, ఇంత స్వల్ప విషయానికి బిడ్డ ఎదుట అబద్ధమాడటం. రెండు, ఆట వస్తువును తాళం వేసిన ఆస్తిగా మార్చుకోవటం.

మొదటి తప్పుకు కారణం సిగ్గు. నలభై దాటిన మనిషి బొమ్మల దుకాణంలో తనకోసం పెట్టె కొనుక్కున్నాడంటే నలుగురూ ఏమనుకుంటారోనన్న బెరుకు. గులాబీలకు అంట్లు కట్టే పెద్దమనిషిని ఎవరూ చిన్నపిల్లవాడని అనరు. దుప్పట్టా అంచుకు నెలల తరబడి కుట్టుపని చేసే అమ్మీజాన్‌ను చూసి ఎవరూ నవ్వరు. చేతికి పని, మనసుకు నెమ్మది ఇచ్చే వ్యాపకాలు అవన్నీ. ఇటుకల పనీ ఆ కోవలోనిదే. అది బొమ్మల దుకాణంలో దొరకటమే దాని నేరం.

నిజానికి ఈ ఇటుక పుట్టింది ఒక వడ్రంగి ఇంట్లో. డెన్మార్క్ దేశంలోని బిల్లుండ్ అనే చిన్న ఊరిలో ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో చెక్క బొమ్మల తయారీ ప్రారంభించాడు. 'బాగా ఆడుకో' అనే అర్థమిచ్చే రెండు డేనిష్ మాటలను కలిపి లెగో అని పేరు పెట్టాడు. పైన బుడిపెలు, లోపల గొట్టాలు ఉండి ఒకదానినొకటి గట్టిగా పట్టుకునే నేటి ఇటుకకు ఆయన కుమారుడు గాడ్‌ఫ్రెడ్ 1958 జనవరి 28న పేటెంటుకు దరఖాస్తు చేశాడు. నాటి ఇటుకను తెచ్చి నేటి ఇటుకపై నొక్కితే నేటికీ అతుక్కుంటుంది. తాత ఆడుకున్న ముక్క మనవడి ఇంటికి గోడ కాగలదన్నమాట. 2008లో వెలువడిన తాజ్‌మహల్ సెట్టులో 5,900కు పైగా ముక్కలున్నాయి. అది పసివారి ఓపికతో అయ్యే పని కాదు. ఇటీవలి కాలంలో ఆ కంపెనీయే కొన్ని పెట్టెలపై 18 ఏళ్ళు దాటిన వారికని ముద్రిస్తోంది.

ఇక ఇందులోని ఆనందమేమిటో చెప్పాలి. పెట్టెలోని పుస్తకం చూస్తూ వరుసగా కట్టుకుపోవటం మొదటి మెట్టు. రోజంతా లెక్కలతో, ఫోన్లతో అలసిన తలకు అది గొప్ప విశ్రాంతి. ఏ ముక్క ఎక్కడ పెట్టాలో పుస్తకమే చెబుతుంది. మనం వెదకాలి, నొక్కాలి, అంతే. కానీ అసలు రుచి పుస్తకం మూసిన తర్వాతే మొదలవుతుంది. కట్టిన దానిని కొంత విప్పి, మన ఊహకు తగ్గట్టు మార్చుకోవటంలో ఉంది అది.

మేము కొన్న సెట్టులోని ఇంటికి అరుగు లేదు. మా దాదీ గారి పెంకుటింటికి ఉండేది. ఎర్రమన్ను పూసి, దానిపై సున్నంతో నిలువు పట్టెలు తీర్చేవారు. ఆ పట్టెల అరుగు కావాలనిపించింది. ఇటుకలను మామూలుగా పేరిస్తే నిలువు పట్టెలు మరీ వెడల్పుగా వచ్చాయి. పలుచని పలకలను పక్కకు తిప్పి నిలబెట్టాలని తోచింది. పక్క ముఖాన బుడిపెలుండే ప్రత్యేకమైన ఇటుక ఒకటుంది. దానికి పలకలను అడ్డంగా తగిలించుకుంటూ పోవాలి. రెండు బుడిపెల వెడల్పున్న ఖాళీలో నాలుగు పలకలు పెడితే సందు మిగిలింది. ఆరు పెడితే పట్టలేదు. ఐదు పెడితే కొలిచి కోసినట్టు ఒదిగింది.

ఎందుకో తెలుసుకున్నాక ఆశ్చర్యం ఇంకా పెరిగింది. ఒక బుడిపెకూ మరొక బుడిపెకూ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. పలక మందం 3.2 మిల్లీమీటర్లు. ఐదు పలకలు కలిస్తే 16, అంటే సరిగ్గా రెండు బుడిపెల వెడల్పు. మూడు పలకలు కలిస్తే 9.6, అంటే సరిగ్గా ఒక ఇటుక ఎత్తు. ఈ లెక్క తెలిసిన వానికి ఇటుకలు పైకే కాదు, పక్కలకూ పెరుగుతాయి. ఎనిమిది బుడిపెల పొడవైన మా అరుగుకు ఇరవై పలకలు పట్టాయి. రెండు వారాల రాత్రులు పట్టాయి. అది పూర్తయిన రోజున మా అమ్మీజాన్ కళ్ళద్దాలు సవరించుకుని చూసి, "ఇది మీ దాదీ అరుగు కదూ!" అన్నారు. మేము ఎవరికీ చెప్పలేదు. ఆ ఒక్క మాటతో రెండు వారాల శ్రమ తీరిపోయింది.

అంత ప్రేమతో కట్టినది కనుకనే బీరువాలో పెట్టి తాళం వేశాము. నెలలు గడిచాయి. దానిపై దుమ్ము చేరింది తప్ప మాకు చేరిన ఆనందం ఏమీ లేదు. కట్టేటప్పుడు కలిగిన సంతోషం కట్టటంతోనే ముగిసింది; బీరువాలో మిగిలింది దాని గుర్తు మాత్రమే.

ఆ రాత్రి ఆ ఇంటిని తీసి మా కుమారుని ముందు పెట్టాము. "నీకు నచ్చినట్టు మార్చుకో" అన్నాము. వాడు నమ్మలేనట్టు చూశాడు. తర్వాత కప్పు మొత్తం ఊడదీశాడు. మా గుండె కలుక్కుమంది. అరుగు వైపు చెయ్యి చాచినప్పుడు నోటి దాకా వచ్చిన మాటను మింగాము. పట్టెల పలకలను విప్పి డాబా చుట్టూ కంచె కట్టాడు. మధ్యలో నాలుగు గోధుమరంగు ఇటుకలు అతికించి "ఇది మన మేక" అన్నాడు. పండుగకు ముందు పది రోజులు మా డాబాపై కట్టిన మేకకు రోజూ ఆకులు తినిపించింది వాడే. మా జ్ఞాపకం అరుగైతే, వాడి జ్ఞాపకం మేక. ఒకే ఇటుకలు రెండింటికీ సరిపోయాయి.

కంచె ఒక మూల కలవలేదు. "అబ్బూ, ఎందుకు పట్టటం లేదు?" అని అడిగాడు. నాలుగు, ఆరు, ఐదు కథ అప్పుడు చెప్పాము. వాడు వేళ్ళపై లెక్కించి, స్వయంగా నొక్కి చూసి, పట్టిందని గెంతాడు. తాళం వేసిన బీరువా ఆ గెంతును ఎన్నటికీ ఇవ్వలేదు.

ఈ వ్యాపకానికి హద్దులూ అవసరమే. ఈ సెట్లు చవక కావు. నెలకొక పెట్టె కొనటం కంటే ఉన్న పెట్టెనే పదిసార్లు విప్పి కట్టటం మేలు. ఒకే రంగు, ఎనిమిది బుడిపెల ఇటుకలు ఆరింటిని 91 కోట్లకు పైగా రీతుల్లో జతచేయవచ్చని గణితవేత్తలు లెక్కగట్టారు. కొన్నదాని ధర ఇంట్లో దాచరాదు. బిల్లు దాచటం, బొమ్మ ఎవరిదో దాచటం ఒకే జబ్బు. మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో చిన్న ముక్కలు నోట్లోకి పోయే ప్రమాదముంది. వాటిని వారికి అందనంత ఎత్తులో ఉంచాలి. నిద్రనూ, ఇంటి పనినీ మింగేంతగా ఏ ఆటా పెరగరాదు.

మొదటి తప్పు దిద్దుకోవటమే ఆలస్యమైంది. వారం తర్వాత కుమారుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ బంధువుకు ఫోన్ చేశాము. "ఆ రోజు అబద్ధం చెప్పాను తమ్ముడూ, ఆ ఇల్లు నేనే కట్టుకున్నాను" అన్నాము. అవతల కొంతసేపు నిశ్శబ్దం. తర్వాత ఆయన గొంతు తగ్గించి అన్నారు: "నా చిన్నప్పటి మెకానిక్స్ పెట్టె ఇంకా అటక మీదే ఉంది భాయిజాన్. మీ మరదలికి తెలియదు."

మా కుమారుడు మా వైపు చూశాడు. "ఆయన కూడా చెప్పేస్తే బాగుంటుంది కదా అబ్బూ" అన్నాడు.