బాకీ వసూలుదారుడును రైతు గడపయు

గడచిన తొలకరి దినములలో ప్రత్తి సాళ్ల యెడము చూపుటకై మేము చౌటుప్పలునకు సమీపముననున్న యొక గ్రామమునకు పోయియుంటిమి. ఏ రైతు చేనిలో ప్రదర్శనము జరుపవలెనని ముందుగా నిశ్చయించుకొంటిమో ఆ రైతు చేనిలో లేడు. ఇంటికి పోయి విచారింపగా లోపలి గదిలో తలుపు మూసికొని కూర్చుండియున్నాడని తెలిసినది. ముందు దినము సాయంకాలమున నొక వడ్డీవ్యాపారి తరఫు మనుష్యులు ముగ్గురు మోటారుసైకిళ్లపై వచ్చి, వాకిట నిలిచి, నలుగురును వినునట్లు నోటికి వచ్చిన మాటలాడి, పోవునప్పుడు కొట్టములోని యెద్దులజతను విప్పుకొనిపోయిరట. వారియొద్ద కోర్టు కాగిత మేదైన నుండెనా యని మేమడిగితిమి. "కాగితమేంది సారూ, బాకీ ఉన్నది నిజమే గద" అని యతని భార్య బదులు చెప్పినది.

ఆ యొక్క మాటయే మాచేత నీ వ్యాసమును వ్రాయించుచున్నది.

బాకీ యున్నది నిజమే. తీర్చవలసినదియు నిజమే. తీసికొన్న యప్పు నెగవేయుడని మేమెవ్వరికిని చెప్పబోము. సహకార సంఘపు పత్రికలో నట్టి బోధకు తావు లేదు. అయితే బాకీ యుండుట వేఱు, దానిని వసూలు చేయు తీరు వేఱు. ఈ రెంటికిని గల భేదము తెలియకపోవుటచేతనే మన రైతు బాకీపడిన దినమునుండి తన కొట్టమును, తన మానమును, తన గడపను గూడ ఋణదాతకు వ్రాసి యిచ్చినట్లు తలవంచుకొని తిరుగుచున్నాడు.

న్యాయస్థానమున దావా వేసి, గెలిచి, డిక్రీ చేతబట్టుకొని, అమీనాను వెంటబెట్టుకొని వచ్చిన ఋణదాతకు సైతము రైతు యింట ముట్టరాని వస్తువులు గలవు. 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను వానిని పేర్కొన్నది. కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచము, పఱుపు, మతాచారము ననుసరించి స్త్రీ విడువగూడని యాభరణములు, అనగా మన యిండ్లలో మంగళసూత్రము, సేద్యపు పనిముట్లు, జీవనమునకు అవసరమని కోర్టు తలంచునన్ని పశువులు, విత్తనపు గింజలు, రైతు తాను కాపురముండు స్వంత యిల్లు. ఇవి జప్తుకు లోబడవు. తాకట్టు పెట్టిన యింటికి మాత్ర మీ రక్షణము చెల్లదు. కావున ఇల్లు తాకట్టు పెట్టు ముందు నూఱుసారు లాలోచింపవలెను. డిక్రీ గలవాడే ముట్టగూడని యెద్దులను డిక్రీయే లేనివాడు విప్పుకొనిపోయినచో దానిని వసూలని యెట్లనవచ్చును? ఊరిలో మఱియొక డట్లు విప్పుకొనిపోయిన దానికి మన మేమి పేరు పెట్టుదుమో పాఠకులెఱుగుదురు.

మేము బాల్యమున మిషను బడిలో చదివితిమి. అచట ద్వితీయోపదేశకాండము చదివించునప్పుడు, అప్పిచ్చినవాడు కుదువ తెచ్చుకొనుటకు బాకీదారుని యింట జొరబడక వెలుపలనే నిలువవలెననియు, తిరుగటిని కుదువగా గొనరాదనియు నున్న విధులను విని, ఇవి యేమి విచిత్రపు నియమములని పిల్లల మందఱము నవ్వుకొంటిమి. పెద్దవారమై 60వ సెక్షను చదివినప్పుడు నవ్వు రాలేదు. తిరుగలి పోయిన యింట పిండి లేదు. ఎద్దులు పోయిన యింట పంట లేదు. పంట లేనిది బాకీ యెట్లు తీరును? ఈ దేశపు ధర్మశాస్త్రకారులును వడ్డీ పెరిగి పెరిగి యసలును మించరాదని కట్టడి చేసిరి. ఋణదాతకు హద్దు గీయవలెనన్న తలంపు నిన్న మొన్నటిది గాదు.

మన ప్రాంతపు వృద్ధులకు నాగు అను మాట జ్ఞాపకముండును. వానకాలమున తిండికిని విత్తనమునకును గింజలు తెచ్చుకొని, కల్లములో నొకటికి ఒకటిన్నర కొలిచి యిచ్చుటయే నాగు. అది తీరనిచో మనిషియే దొర యింట భగేలాగా, జీతగాడుగా నిలిచిపోయెడివాడు. తండ్రి తెచ్చిన గింజలకు కొడుకు చాకిరి చేసెడివాడు. నిజాము ప్రభుత్వము ఫసలీ 1349లో, అనగా 1940 ప్రాంతమున, వడ్డీవ్యాపారుల చట్టమును చేయకపోలేదు. కాని చట్టము కాగితము మీద నుండెను. కాగితము చదువగలవాడు పట్వారీ. పట్వారీ యెవరి పక్షమో చెప్పనక్కరలేదు. 1946 మొదలు 1951 వఱకు నడచిన తెలంగాణ పోరాటమున ననేక గ్రామములలో నప్పుపత్రములు మంటలపా లగుటకు గల కారణములలో నిది యొకటి. తుదకు 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చి అప్పుకు మనిషిని కట్టివేయుట నేరమని చెప్పి, అట్టి యప్పును గూడ రద్దుచేసినది.

తరువాత సాహుకారు వేషము మారినది. మహిళలను గుంపులుగా జేర్చి వారవారము వసూలుచేయు సూక్ష్మ ఋణ సంస్థలు వచ్చినవి. ఒకతె కట్టలేనిచో మిగిలిన స్త్రీలే యామె యింటి ముందు కూర్చుండి నిలదీయునట్లు చేసిన యా యేర్పాటును మేమెన్నటికిని మెచ్చుకొనజాలము; ఇరుగుపొరుగుల సఖ్యమునే జామీనుగా పట్టి, తుదకు దానినే చెఱచినారు. ఆత్మహత్యల వార్తలు వరుసగా రాగా 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సును జారీచేసినది. అదియే 2011లో చట్టమైనది. వసూలు బాకీదారుని యింట గాక గ్రామపంచాయతి కార్యాలయము వంటి బహిరంగ స్థలమున జరుగవలెననియు, వడ్డీ యసలును మించరాదనియు, నిర్బంధించినవారికి మూడేండ్ల వఱకు శిక్ష పడవచ్చుననియు నందున్నది. అయితే రిజర్వుబ్యాంకులో నమోదైన కంపెనీలకు నీ చట్టము వర్తింపదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పినది. ఈ సంగతి మన సభ్యులలో పలువు రెఱుగరు. పాత చట్టమును నమ్ముకొని కంపెనీవానితో వాదించినచో నతడు తీర్పును చూపి నవ్వును.

అట్లని కంపెనీవానికి హద్దు లేదనుకొనరాదు. రిజర్వుబ్యాంకు 2022 మార్చి 14న వెలువరించిన సూక్ష్మ ఋణ నియమములు వానికి వర్తించునట్టివే. కుటుంబపు నెలసరి యాదాయములో సగమునకు మించి కిస్తులు పడునట్లు అప్పు ఈయరాదు. వసూలు ఇరువురు నొప్పుకొన్న చోటనే జరుగవలెను. బాకీదారుడు వరుసగా రెండుసార్లో అంతకెక్కువసార్లో అచటికి రానప్పుడే యింటికో పనిచోటికో పోవచ్చును. ఉదయము తొమ్మిది గంటలకు ముందును, సాయంకాలము ఆరు గంటలకు పిమ్మటను ఫోను చేయరాదు. తిట్టరాదు, బెదరింపరాదు, చుట్టములను, స్నేహితులను వేధింపరాదు, బాకీదారుని పేరు నలుగురిలో ప్రకటింపరాదు. బాకీ యెంతయో, కట్టనిచో నేమగునో, ఆ విషయమున అబద్ధము చెప్పరాదు. ఇక ట్రాక్టరు వంటి వాహనముల సంగతి. కిస్తు తప్పినంతమాత్రమున కండబలము గలవారిని పంపి వాహనములను లాగుకొనుట తగదనియు, చట్టప్రకారమే పోవలెననియు సుప్రీముకోర్టు 2007లో నొక బ్యాంకు కేసులో స్పష్టముగా చెప్పినది. బ్యాంకులు కోర్టుతో పనిలేకుండ తాకట్టు ఆస్తిని స్వాధీనము చేసికొనుటకు వీలిచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టము సైతము సాగుభూమిపై పనిచేయదు. ఆ చట్టపు 31వ సెక్షనులోనే సాగుభూమికి మినహాయింపు గలదు.

చేతిఫోనులో దొరకు అప్పుల మాట వేఱుగా వ్రాయవలసియున్నది, ఇప్పటికి కొంచెమే చెప్పుదుము. 2020 చివర మన రాష్ట్రమున నట్టి యప్పుల వేధింపులకు ప్రాణములు పోగొట్టుకొన్నవారిలో మా వ్యవసాయశాఖవారు నుండిరి. చదువుకొన్నవారికే యా గతి పట్టినది. ఫోనులోని పేర్లన్నియు తీసికొని బంధువులకు తిట్లు పంపు సంస్థకు అప్పు కట్టుటకు ముందు పోలీసులకు ఫిర్యాదు కట్టవలెను.

పరుల సంగతి యిట్లుండగా మన సంగతి? సహకార బ్యాంకుల సిబ్బందియే బాకీపడిన రైతుల యిండ్ల తలుపులూడదీసికొనిపోయిన వార్తలు ఈ రాష్ట్రమున పలుమారులు పత్రికల కెక్కినవి. సంఘమునకు 1964 నాటి సహకార చట్టము క్రింద నోటీసు, విచారణ, ఉత్తరువు, అమలు అను మార్గము గలదు. అది నెమ్మదియైన మార్గమని మేమెఱుగుదుము; రాని బాకీలచే సంఘము కుంటువడి, కట్టినవానికి సైతము కొత్త యప్పు పుట్టని స్థితిని గూడ చూచితిమి. అయినను తలుపు లేని యింట నాడుబిడ్డలు రాత్రి యెట్లు నిదురింతురో తలుపు నూడదీసినవాడు యోచించెనా? ఆ తలుపు నమ్మిన నెంత వచ్చును? అది వసూలు కాదు, అవమానము. పరుని విషయమున తప్పన్నది మన విషయమున ఒప్పు కానేరదు.

ఇక రైతు చేయవలసినది. వచ్చినవాడెవడో, ఎవరు పంపిరో, గుర్తింపుపత్రము చూపుమని యడుగవలెను. అడుగుట యమర్యాద కాదు. రసీదు లేక రూపాయి యీయరాదు. ప్రోనోటుపై అప్పు తెచ్చినచో కట్టినప్పుడెల్ల వెనుక చెల్లు వ్రాయించుకొని, దాని నకలు దాచుకొనవలెను. అంకెలు వేయని ప్రోనోటు మీదను, ఖాళీ చెక్కు మీదను సంతకము చేయుటకంటె ఆ యేడు చేను బీడు పెట్టుట మేలు. ఇంటికి వచ్చి బెదరించిన దినము, వేళ, మాటలు పిల్లలచేతనైనను పుస్తకములో వ్రాయింపవలెను. ప్రాణభయము కలిగించుట భారతీయ న్యాయసంహిత 351వ సెక్షను క్రింద నేరము. దానికి పోలీసుఠాణా యున్నది. బ్యాంకు గాని కంపెనీ గాని యైనచో ముందుగా దానికే వ్రాతమూలకముగా ఫిర్యాదు చేసి, ముప్పది దినములలో సరియైన జవాబు రానిచో రిజర్వుబ్యాంకు అంబుడ్స్‌మనునకు రుసుము లేకయే వ్రాసికొనవచ్చును. వివరములకు 14448 నంబరు గలదు. ఋణము నిచ్చుటయు నొక సేవయే గనుక, తీసికొన్న రైతు 2019 చట్టము ననుసరించి వినియోగదారుడై జిల్లా వినియోగదారుల కమిషనుకు పోవచ్చును. వకీలును పెట్టుకొన శక్తి లేనివారికి న్యాయసేవాధికార సంస్థ యున్నది. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకయే యుచిత సహాయము దొరకును. దాని నంబరు 15100.

మొదట చెప్పిన రైతు మాట మిగిలియున్నది. సంఘపు డైరెక్టర్లిద్దఱితో గూడి మేమతనిని ఠాణాకు తోడ్కొనిపోతిమి. మొదట నచటివారును "బాకీ ఉన్నది గదా" అనియే యనిరి. ఎద్దులను తీసికొనిపోవుటకు కోర్టు ఉత్తరువేదియని మేమడుగగా కొంత మౌనము, కొంత ఫోను సంభాషణము నడచినది. మూడవ దినమున నెద్దులు కొట్టమునకు వచ్చినవి. బాకీ యట్లే యున్నది. నెలకింత యని పెద్దమనుష్యుల యెదుట కాగితము వ్రాసికొని కట్టుచున్నాడు. అయితే ఆ మూడు దినములలో నేల ఆరిపోయినది. తరువాతి వానకు విత్తిన ప్రత్తి మొలకలు పలుచనై, మేము చూపదలచిన సాళ్లు సగము బోసిపోయినవి. ఆ నష్టము నెవరి లెక్కలోను వ్రాయలేదు.

రానున్న మహాజనసభలో మేమొక తీర్మానమును ప్రతిపాదింపనున్నాము. మన సంఘపు బాకీల వసూలులో ఉత్తరువు లేక యే సభ్యుని గడపలోనికిని సిబ్బంది పోరాదనియు, తలుపులు, పాత్రలు, పశువులు ముట్టరాదనియు దాని సారాంశము. బలపఱచువారు ముందుగా తమ పేర్లను కార్యదర్శిగారి కిచ్చెదరు గాక.