పిల్లలతో పాతబస్తీ

హైదరాబాద్ పాతబస్తీని పిల్లలకు చూపించేటప్పుడు రోజుకు రెండు చోట్లు చాలు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్‌ను ఎండ ముదరకముందే, బజారులో రద్దీ పెరగకముందే చూడటం మేలు. తర్వాత మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లవచ్చు. శుక్రవారం దానికి సెలవు. అక్కడి సంగీత గడియారంలో గంటగంటకూ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. గోల్కొండ కోటకు మరో రోజు కేటాయించాలి. ఫతే దర్వాజా దగ్గర కొట్టిన చప్పట్లు కొండమీది బాలాహిస్సార్‌లో వినిపిస్తాయి. రాజుల పేర్లకన్నా ఆ చప్పుడే పిల్లలకు గుర్తుండిపోతుంది. ఇలాంటి చోట్ల నీడ, తాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్లు, అడ్డులేని కాలిబాటలు ఉండేలా చూడటం పాలకుల బాధ్యత.