పళ్లకు క్లిప్పులు వేసే చేతికి చదువు ఉన్నదా?

ఎత్తుపళ్లు, వంకర పళ్లు ఉన్న పిల్లలకు క్లిప్పులు వేయించడం ఒకప్పుడు పట్నవాసులకే పరిమితం. ఇప్పుడు పల్లెల నుంచి కూడా తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని పట్నం ఆసుపత్రులకు వెళుతున్నారు. పెళ్లిచూపుల్లో ఆడపిల్ల పలువరుస మాట రావడం ఇందుకు ఒక కారణం. ఖర్చు వేలల్లో ఉంటుంది. చికిత్స ఏడాదిన్నర, రెండేళ్లు సాగుతుంది. నాలుగైదు వారాలకు ఒకసారి వెళ్లి చూపించుకోవాలి. ఇన్నిసార్లు బిడ్డ నోట్లో చేయి పెట్టేది ఎవరు, వారు ఏమి చదివారు అని అడిగేవారు మాత్రం తక్కువ.

పన్ను ఎముకలో మేకు దిగినట్టు బిగిసి ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య సన్నని నారపొర ఉంటుంది. తీగ ఒత్తిడి పడిన వైపు ఎముక కరుగుతుంది. రెండో వైపు కొత్త ఎముక ఏర్పడుతుంది. ఈ విధంగా పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. త్వరగా కావాలని గట్టిగా బిగిస్తే వేరు కొస అరిగిపోయే ప్రమాదం ఉన్నది. క్లిప్పు అంటించే ముందు పంటికి ఆమ్లం పూస్తారు. అది చిగురుకు తగలరాదు. క్లిప్పు చుట్టూ పాచి నిలిస్తే పంటిపై తెల్లమచ్చలు పడతాయి. పరికరాలను ఆవిరి యంత్రంలో శుద్ధి చేయకపోతే హెపటైటిస్-బి కామెర్లు ఒకరి నుంచి ఒకరికి సోకవచ్చు. ఇవేవీ తెలియకుండా తీగ బిగించడం నేర్చుకున్నవాడిది చేతివాటమే కాని చికిత్స కాదు.

ఈ పని అంతా స్పెషలిస్టు డాక్టరే చేయాలంటే రోగుల వరుస పెరుగుతుంది. బ్రిటన్‌లో ఇందుకు ఒక మార్గం చూశారు. ఆర్థోడాంటిక్ థెరపిస్టులనే సహాయకులకు అక్కడ 2007లో శిక్షణ ప్రారంభమైంది. దంత నర్సుల వంటి అనుభవజ్ఞులను తీసుకుని సుమారు ఏడాదిపాటు నేర్పుతారు. ముందు తరగతిలో దవడ నిర్మాణం, పళ్లు జరిగే తీరు, క్రిమి నివారణ చెబుతారు. తర్వాత స్పెషలిస్టు కళ్ల ముందు రోగులకు పని చేయిస్తారు. రోగి సమ్మతి తీసుకోవడం, రికార్డు రాయడం, గుట్టు కాపాడడం, తన హద్దు తెలుసుకోవడం కూడా చదువులో భాగమే. పరీక్ష నెగ్గి జనరల్ డెంటల్ కౌన్సిల్ రిజిస్టరులో పేరు ఎక్కితేనే పనికి అర్హత.

హద్దులు కూడా స్పష్టంగా ఉన్నవి. వీరు క్లిప్పులు అంటించవచ్చు, తీగ వేయవచ్చు, తీయవచ్చు. జబ్బు నిర్ణయం, చికిత్స పథకం మాత్రం డాక్టరువే. తప్పు జరిగితే కౌన్సిల్ రిజిస్టరు నుంచి పేరు తొలగించగలదు. సహాయకులు వస్తే వైద్యం నాసిరకం అవుతుందనే భయానికి ఈ హద్దులే సమాధానం.

మన దేశంలో 1948 నాటి దంత వైద్యుల చట్టం డాక్టర్లతోపాటు పళ్లు శుభ్రం చేసే హైజీనిస్టులను, కట్టుడు పళ్లు తయారుచేసే మెకానిక్కులను గుర్తించింది. క్లిప్పుల సహాయకులకు అందులో చోటు లేదు. ఆ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ దంత వైద్య కమిషన్ చట్టం చేసింది. డాక్టరు పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవారి చేతికి తీగలు అప్పగించడం కంటే, వారికి చదువు, పరీక్ష, రిజిస్టరు కల్పించడం మేలు. గ్రామీణ యువతకు అది ఉపాధి కూడా కాగలదు.

అంతవరకు జాగ్రత్త తల్లిదండ్రులదే. ఈ చికిత్సలో ప్రత్యేక శిక్షణ పొందినవారు బి.డి.ఎస్. తర్వాత మూడేళ్లు ఎం.డి.ఎస్. చదివి ఉంటారు. డాక్టరు డిగ్రీ, రిజిస్ట్రేషన్ నెంబరు అడగడం తప్పు కాదు. తీగ మార్చిన ప్రతిసారీ డాక్టరు స్వయంగా చూశారా లేదా అన్నది గమనించాలి. ఎద్దును కొనేటప్పుడు పళ్లు పట్టి చూసే రైతు, బిడ్డ పళ్లు అప్పగించేటప్పుడు నాలుగు ప్రశ్నలు అడగడానికి మొహమాటపడనక్కరలేదు.