మేరువు లేని మాల

జపమాలలోని 108 పూసలకు పైన మేరువు ఒకటి ఉంటుంది. సాధకుడు పూసలను ఒక్కొక్కటిగా జరుపుతూ మేరువును చేరిన పిమ్మట దానిని దాటడు. మాలను త్రిప్పుకొని వచ్చిన దారినే మరలుతాడు. మేరువును ఉల్లంఘించుట జపదోషమని సంప్రదాయం. ఒక ఆవృత్తి ముగిసినదని తెలిపి, మనస్సు ఇంతవరకు ఎక్కడ సంచరించినదో క్షణకాలం చూచుకొమ్మని హెచ్చరించే స్థానమది.

నేడు అదే బొటనవ్రేలు జపమాల కంటె ఎంతో అధికకాలం మరొక మాలను త్రిప్పుతున్నది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి మాధ్యమాలలో ఒక చిత్రం వెనుక మరొకటి వస్తూనే ఉంటుంది. ఆ మాలకు మేరువు లేదు. ఇది యాదృచ్ఛికం కూడా కాదు. పూర్వం అంతర్జాలంలో పుటకు ఒక చివర ఉండేది. తరువాతి పుట కావలెనంటే నొక్కవలసి వచ్చేది. 2006లో ఎజా రాస్కిన్ అనే రూపకర్త అంతులేకుండా జారే పుటను కల్పించాడు. దాని పర్యవసానాన్ని చూచి అనంతరకాలంలో ఆయనే బహిరంగంగా పశ్చాత్తాపం ప్రకటించాడు.

విషయచింతన నుండి సంగం, సంగం నుండి కామం, కామం నుండి క్రోధం, చివరకు బుద్ధినాశం సంభవిస్తాయని భగవద్గీత ద్వితీయాధ్యాయం బోధిస్తుంది. ఈ సోపానక్రమాన్ని ఇప్పుడు అరగంటలో దర్శించవచ్చును. బంధువుల నూతన గృహం చిత్రం కనబడుతుంది. కన్ను అక్కడ నిలుస్తుంది. తనకూ అట్టిది ఉంటే బాగుండునని కోరిక మొలకెత్తుతుంది. లేదే అన్న అసహనం ఇంటివారిపై పరుషవాక్యంగా వెలువడుతుంది. ఆ కోపం ఎక్కడ పుట్టినదో కోపించిన వానికే తెలియదు.

ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయంలో సనత్కుమారుడు నారదునకు ఆహారశుద్ధి వలన అంతఃకరణశుద్ధి, దాని వలన నిశ్చలమైన స్మృతి కలుగుతాయని ఉపదేశించాడు. ఇక్కడ ఆహారమనగా శబ్దాది విషయజ్ఞానమని శంకర భగవత్పాదులు వ్యాఖ్యానించారు. కన్ను గ్రహించేదీ, చెవి గ్రహించేదీ ఆహారమే. ఏకాదశినాడు అన్నం విడిచిన భక్తుడు ఆనాడే పరనిందను, కలహాలను గంటల తరబడి కన్నులతో భుజిస్తే ఆ ఉపవాసం అసంపూర్ణమే.

‘మేము చూచేవి దేవతామూర్తులు, వినేవి ప్రవచనాలు’ అని అనేకులు సమాధానపడతారు. గడప దాటలేని వృద్ధులకూ, విదేశాలలోని తెలుగు కుటుంబాలకూ తిరుమల కల్యాణోత్సవ ప్రత్యక్ష ప్రసారం మహోపకారమే, దానిని కాదనరాదు. అయితే సాధకునికి సూక్ష్మమైన వల కూడా ఇక్కడే ఉన్నది. యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి శ్రవణంతో పాటు మనన నిదిధ్యాసనలను కూడ విధించాడు. ఒక ప్రవచనఖండం ముగిసీ ముగియకముందే మరొకటి ఆరంభమైతే మననానికి తావెక్కడ? దినమంతా ఇరువది ఖండాలు విని, సాయంకాలానికి ఒక్కదాని సారమైనా చెప్పలేని స్థితి వినోదమే అవుతుంది. సాధన చేశానన్న తృప్తి మాత్రం మిగులుతుంది. ఆ తృప్తి నిజమైన సాధనకు అడ్డుపడుతుంది.

వాట్సాప్‌లో ప్రాతఃకాలం నుండి ప్రవహించే సందేశాల విషయం మరింత గంభీరమైనది. ఉద్వేగం కలిగించని, సత్యమైన, ప్రియమైన, హితమైన వాక్కును గీత వాఙ్మయ తపస్సుగా పేర్కొన్నది. ‘ఇది వేదంలో ఉన్నది, పదకొండు మందికి పంపండి’ అన్న సందేశం ఏ వేదంలో ఎక్కడ ఉన్నదో తెలియకుండ ముందుకు త్రోసేవాడు ఆ తపస్సుకు దూరమవుతున్నాడు. శ్రుతి పేరిట అసత్యం వ్యాపించుటకు భక్తుని చేయి సాధనం కారాదు. వదంతుల వలన ప్రాణనష్టం జరిగిన పిమ్మట 2018లో మన దేశంలో ఒక సందేశాన్ని ఒక్కసారి ఐదింటికి మించి పంపకుండ వాట్సాప్ సంస్థ హద్దు విధించింది. అది సంఖ్యకు పెట్టిన హద్దు మాత్రమే. సత్యానికి సంబంధించిన హద్దును ఎవరికి వారే పెట్టుకొనవలెను.

పరిహారం దుష్కరం కాదు. తిరుమల శ్రీవారి ఆలయంలోనికి ఫోనును అనుమతించరు. భక్తులు దానిని అప్పగించి గంటల తరబడి వేచి ఉండి దర్శనం చేసుకొంటారు. ఆ నియమం స్వగృహంలోని పూజామందిరానికి ఎందుకు వర్తించరాదు? ఉభయ సంధ్యలూ దినానికి సహజమైన మేరువులు. ఆ వేళలలో ఫోను మరొక గదిలో ఉండుట ఉత్తమం. విన్న ఒక ప్రవచనంపై కొంతసేపు మౌనంగా మననం చేసిన తరువాతనే రెండవది వినవలెను. మూలం తెలియని వాక్యాన్ని తన వద్దనే నిలిపివేయవలెను.

శయనించుటకు ముందు మరొక పని చేయవచ్చును. దినంలో ఎన్ని గంటలు చూచినదీ, ఎన్ని పర్యాయాలు తెరచినదీ ఫోనే లెక్కించి చూపుతుంది. ఆ సంఖ్యను ఆనాటి జపసంఖ్య ప్రక్కన వ్రాసుకొనవలెను. నలుబది దినాలు ఆ రెండు సంఖ్యలను చూచుకొన్నవానికి మరొకరు ఉపదేశించవలసిన అవసరం ఉండదు. మేరువును ఎక్కడ నిలుపవలెనో అతనికే బోధపడుతుంది.