ఊడ్చే యంత్రానికి ఇంటి పటం

సర్రీ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "రోబో వాక్యూమ్ కొన్నాం. దాని ఆప్ నా ఫోన్‌లోనే ఉంది. నేను డ్యూటీకి వెళ్తే ఇంట్లో ఉన్న అత్తయ్య దాన్ని నడిపేదెలా?" బూట్లతో ఉప్పూ ఇసకా గుమ్మంలోకి వచ్చే రోజులు కాబట్టి ఈ నెల జవాబు ఈవిడకే.

పాత టాబ్లెట్ ఒకటి వంటింటి గోడకు తగిలించి, అందులో హోమ్ అసిస్టెంట్ డాష్‌బోర్డు తెరిచిపెట్టండి. ఇది 2013లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్. ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటర్ మీద నడుస్తుంది. లేజర్ ఉన్న వాక్యూమ్ తిరుగుతూ గోడల దూరం కొలుచుకుని ఇంటి పటం గీసుకుంటుంది కదా, ఆ పటాన్నే డాష్‌బోర్డు మీద చూపించే కార్డులు ఉన్నాయి. అత్తయ్య పటంలో వంటగది మీద వేలు పెట్టి, "ఊడువు" నొక్కితే అది అక్కడికే వెళ్తుంది.

గదుల పేర్లు తెలుగులోనే రాసుకోవచ్చు: వంటగది, అవ్వ గది, గుమ్మం. యంత్రానికి మాత్రం గది అంటే ఒక నంబరే. పటం మళ్ళీ కొత్తగా గీయిస్తే ఆ నంబర్లు మారిపోవచ్చు. అప్పుడు వంటగది నొక్కితే అది పడకగదిలోకి దూరి, మంచం కింద తిరుగుతుంది. కొత్త పటం గీయించిన రోజే డాష్‌బోర్డులో నంబర్లు సరిచూసుకోండి. సోఫా కాస్త జరిపినంత మాత్రాన కొత్త పటం అక్కర్లేదు.

దేవుడి మూల చుట్టూ మాత్రం "ఇటు రావద్దు" అనే గీత తప్పకుండా గీయండి. మనం వేసిన ముగ్గు దానికి ఉత్త చెత్తే. చాలా యంత్రాల్లో లేజర్ పైన ఉంటుంది, కనుక నేల మీది పొట్టి ప్రమిద దానికి కనిపించదు. పటం చెదిరితే ఆ గీతా పనిచేయకపోవచ్చు. దీపం వెలుగుతున్నంతసేపూ యంత్రాన్ని కదిలించవద్దని అత్తయ్యకు చెప్పండి.

ఇంతకీ ఆ పటం ఎక్కడ ఉంటుంది? చాలా కంపెనీల యంత్రాల్లో అది కంపెనీ సర్వర్‌కు వెళ్తుంది; మన డాష్‌బోర్డు కూడా చాలాసార్లు అక్కడినుంచే తెచ్చుకుంటుంది. రూంబాలు చేసే ఐరోబోట్ సంగతి చూడండి. 2022 ఆగస్టులో దాన్ని సుమారు 170 కోట్ల డాలర్లకు కొంటామని అమెజాన్ ప్రకటించింది. 2024 జనవరిలో ఆ బేరం రద్దయింది. 2025 డిసెంబరులో ఆ కంపెనీ దివాలా రక్షణ కోరింది, దాని యంత్రాలు తయారుచేసే చైనా కంపెనీ చేతికి వెళ్ళే ఏర్పాటుతో. కంపెనీ చేతులు మారితే, దాని దగ్గరున్న మన ఇంటి కొలతల మాటేమిటి?

మన పెద్దల వలస పాసుల్లో ఊరు, కులం, ఎత్తు, ఒంటి మీద మచ్చ రాసి ఉంటాయి. ఇవాళ మన ఊరి పేరు వెతుక్కోవడానికి అవే దిక్కు, కాదనను. కానీ ఆ కాగితం గుమాస్తా రాసుకున్నది. ఎవరి దగ్గర ఉండాలో వాళ్ళను ఎవరూ అడగలేదు.

పటం ఇల్లు దాటకుండా చేసే వాలెటూడో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అయితే అది కొన్ని మోడళ్ళకే పనికొస్తుంది, కొన్నిటికి యంత్రం విప్పాలి, వారంటీ మీద ఆశ వదులుకోవాలి. ఇంట్లో ఓపిక ఉన్న కుర్రవాళ్ళు లేకపోతే నేను చెయ్యమనను. ఇంకా కొనని వాళ్ళు మాత్రం దుకాణంలో ఒక ప్రశ్న అడగండి: ఇంటర్నెట్ తీసేసినా పటం కనిపిస్తుందా, గదికి పంపొచ్చా?

సర్రీ సోదరి గారూ, ముందు వంటగది, గుమ్మం, ఈ రెండు బటన్లే పెట్టండి. అత్తయ్యకు అలవాటయ్యాక మిగతావి. "ఆపు" బటన్ మాత్రం అన్నిటికన్నా పెద్దదిగా, ఎర్రగా, కళ్ళజోడు లేకపోయినా కనిపించేలా ఉంచండి.